ఇక్కడ పంచర్లు వెయ్యబడవు

పెయింటరు గోడకి నిచ్చెన ఆనించి, సున్నం ఆరిందో లేదో వేలితో రాసి చూసుకుని, "పైన ఏం రాయమంటారండీ?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ప్రతి ఆదివారం పొద్దున్న కొబ్బరికాయల షెడ్డులో సైకిళ్లు బాగుచేసే పని ఇన్నేళ్లుగా నడుస్తోంది గానీ, దానికో పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. "పేరు లేకపోతే పోనీండి, స్థాపితం అని వేసి సంవత్సరం వేస్తే నిండుగా ఉంటుంది" అని అతనే సలహా ఇచ్చాడు.

గొడవ అక్కడ మొదలైంది. నేను 2018 అన్నాను. హైస్కూలు లెక్కల మాస్టారు 2019 అన్నారు. స్టూలు మీద కూర్చున్న సైకిల్ షాపు మేస్త్రీగారు తల కూడా ఎత్తకుండా, "1986 అని రాయించండి" అన్నారు.

పెయింటరు నిచ్చెన దిగి టీకి వెళ్లిపోయాడు.

నేను పోస్టుమాన్‌గా చేసి 2018లో రిటైరయ్యాను. మాది పి.గన్నవరం అక్విడక్టుకి దిగువన, గోదారి పాయ వైనతేయ గట్టు మీది ఊరు. ముప్పై నాలుగేళ్లు సైకిల్ మీదే తిరిగాను. ఏటిగట్టు మీద, కాలవగట్ల మీద, లంకల్లోకైతే పడవలో సైకిల్ కూడా ఎక్కించుకుని. మాకు సైకిల్ అలవెన్సు అని ఒకటి ఉండేది. ఏడో వేతన సంఘం పుణ్యమా అని 2017లో అది నెలకు 90 నుంచి 180 రూపాయలైంది. ఎంతైనా అది నేరుగా మేస్త్రీగారి షాపుకే పోయేది. పొద్దున్న సైకిల్ అక్కడ పడేసి, ఉత్తరాలు సర్దుకుని వచ్చేసరికి తయారుగా ఉండేది. అన్నేళ్లలో నేను పానా పట్టుకున్న పాపాన పోలేదు.

రిటైరయ్యాక పెన్షన్ ఫారం మీద ఏదో సంతకం కోసం హైస్కూలుకి వెళ్లాను. వెనక మరుగుదొడ్ల పక్కన సైకిళ్ల గుట్ట కనిపించింది. 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ప్రభుత్వం ఇచ్చినవి. ఆ సైకిళ్ల వల్ల లంకల నుంచి ఎందరో పిల్లలు బడికి రాగలిగారు, అందులో అనుమానం లేదు. కానీ సముద్రం దగ్గర ఊళ్లు మావి. ఉప్పుగాలికి కొత్త చైను కూడా నెలలో ఎర్రబడుతుంది. ఒకరోజు పెడలు ఉండే క్రాంకు కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచే కోటరు పిన్ను వదులై పెడలు టకటకలాడుతుంది. నాన్న కూలికి వెళ్తాడు, అమ్మకి షాపుకి తీసుకెళ్లడం కుదరదు. సైకిల్ బడి వెనక ఆగుతుంది. ఓ వాన పడుతుంది, చక్రం నడిమి హబ్బులోకి నీళ్లు పోతాయి. చిన్న పిన్నుతో పోయేది కాస్తా మొత్తం ఓవరాయిలింగుకి వస్తుంది. ఇక ఎవరూ దాని జోలికి పోరు. పిల్ల నడిచి వస్తుంది, లేదా రావడం మానేస్తుంది. హాజరు పట్టీలో ఆ ఖాళీలు చూసేది లెక్కల మాస్టారు. "మీకు సైకిళ్లు బాగా తెలుసు కదండీ" అన్నారాయన నాతో. తెలుసన్నాను. అదీ నేను చేసిన మొదటి తప్పు.

కొబ్బరి షెడ్డు ఓనరు ఆదివారాలు ఓ పక్క వాడుకోమన్నాడు. ఆ రోజు ఒలుపు పని ఉండదు. మొదటి ఆదివారం అయిదు సైకిళ్లు, ఇద్దరం మగవాళ్లం, ఒక సుత్తి, రెండు పానాలు, ఎవరింట్లోనో తెచ్చిన కొబ్బరినూనె సీసా. ఎడమ పెడలు తియ్యాలని నేను, మాస్టారు కలిసి అరగంట వేలాడాం. ఎంత తిప్పితే అంత బిగుసుకుంది. ఎడమ పెడలుకి మర తిరగేసి ఉంటుందని, మిగతా మరలన్నీ వదులయ్యే వైపు తిప్పితే అది బిగుస్తుందని ముప్పై నాలుగేళ్లు తొక్కిన నాకు తెలియదు. కోటరు పిన్ను కథ ఇంకా ఘోరం. నట్టు పూర్తిగా తీసేసి సుత్తితో కొట్టాను. పిన్ను మర చితికి పుట్టగొడుగులా విచ్చుకుంది, ఇక అటూ రాలేదు, ఇటూ పోలేదు. నట్టుని మర చివరికంటా వదులు చేసి ఉంచి, క్రాంకు కింద ఇనప ముక్క ఆసరా పెట్టి, ఒక్క దెబ్బ గట్టిగా వెయ్యాలట. ఇవన్నీ తరవాత తెలిశాయి. కొబ్బరినూనె సంగతి కూడా అంతే. చైనుకి రాస్తే రెండ్రోజులు బాగా తిరుగుతుంది, తరవాత దుమ్ము పట్టి జిగురులా తయారవుతుంది. కొబ్బరి పండే ఊళ్లో ఆ మాట ఒప్పుకోవడం కష్టమే.

అయినా జనం వచ్చారు. ఊరికే చేస్తున్నారంటే రారా? రావులపాలెం మార్కెట్‌కి అరటి గెలలు వేసుకుపోయే సైకిళ్లు కూడా వచ్చాయి. వాటి వెనక చక్రం మీద పడే బరువు చూస్తే ఆ స్పోకులు ఎలా నిలుస్తున్నాయా అనిపిస్తుంది. కొందరు సైకిల్ దింపి, "సాయంత్రం వస్తామండి" అని పోయి నెల దాకా రాలేదు. అలా పదకొండు పోగయ్యాయి. కాయలు పోసుకోవడానికి చోటు లేదని షెడ్డు ఓనరు గొణిగాడు. మేం మాత్రం ఊరికి పెద్ద ఉపకారం చేస్తున్నామనే ఊపులో ఉన్నాం.

మాస్టారు చెప్పే 2019 ఆ ఊపులోంచే వచ్చింది. ఎవరూ తీసుకుపోని సైకిల్ ఒకటి బాగుచేసి, ఎర్ర రంగు వేసి, తాళం లేకుండా రేవులో పెట్టాం. పడవ దిగినవాళ్లు ఎవరైనా బస్సు దాకా తొక్కుకుపోవచ్చు, అక్కడి నుంచి వచ్చేవాళ్లు తిరిగి రేవుకి తేవచ్చు. ఐడియా మాస్టారిది. మూడో రోజుకి బెల్లు లేదు. పదో రోజుకి సీటు లేదు. సీటు లేకుండా కూడా ఎవరో నిలబడి తొక్కారు, అది మాకు గర్వంగానే అనిపించింది. పదిహేనో రోజుకి సైకిలే లేదు. అవతలి గట్టున గెలలు మోస్తూ కనిపించిందని కొన్నాళ్లకి ఒకాయన చెప్పాడు.

ఆస్టిన్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోన్లో ఈ సంగతి చెబితే పగలబడి నవ్వాడు. "మావయ్యా, ఇది మీ ఊళ్లోనే జరిగిందనుకుంటున్నారా?" అన్నాడు. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవోలనే కుర్రాళ్లు తెల్ల రంగు వేసిన సైకిళ్లు అందరూ వాడుకోండని వీధిలో పెట్టారట. తాళం వెయ్యని సైకిల్ వీధిలో ఉండటం అక్కడి చట్టం ఒప్పుకోదని పోలీసులే ఎత్తుకుపోయారట. తనుండే ఆస్టిన్‌లో 1997లో మొదలైన ఎల్లో బైక్ ప్రాజెక్టు వాళ్లు కూడా పసుపు సైకిళ్లు అలాగే వదిలారు. అవీ నిలవలేదు. కానీ ఆ సంస్థ నిలిచింది. ఇప్పుడు వాళ్లు షెడ్డు తెరిచి పనిముట్లు ఇస్తారు, వాలంటీర్లు పక్కన నిలబడి నేర్పుతారు, ఎవరి సైకిల్ వాళ్లే బాగుచేసుకోవాలి. బోస్టన్‌లో ఇంకొకళ్లున్నారట, బైక్స్ నాట్ బాంబ్స్ అని. 1984లో యుద్ధంలో ఉన్న నికరాగువాకి పాత సైకిళ్లు పంపడంతో మొదలుపెట్టారు. బోస్టన్‌లో పిల్లలు పాత సైకిల్ విప్పి బాగుచేయడం నేర్చుకుంటే ఆ సైకిల్ వాళ్లకే ఇచ్చేస్తారు.

ఆ చివరి మాట మాస్టారికి బాగా పట్టింది. నాకు మాత్రం అప్పటికి వేరే బెంగ మొదలైంది.

ఓ బుధవారం స్పోకులు కొందామని మేస్త్రీగారి షాపుకి వెళ్లాను. ఒక తలుపే తీసి ఉంది. ఒకప్పుడు ఆ షాపు ముందు అద్దె సైకిళ్లు వరసగా ఉండేవి. చిన్నప్పుడు గంటకి పావలా ఇచ్చి, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నది అక్కడే. ఇప్పుడు లోపల చీకట్లో ఆయనొక్కడే, వేలాడే టైర్ల కింద. "ఆదివారం కూడా తియ్యట్లేదటండీ?" అన్నాను మాటవరసకి. "ఆదివారమే కదండీ నాకు బేరాలు. కూలికెళ్లేవాళ్లు సైకిల్ తెచ్చేది ఆ రోజే. ఇప్పుడు మీ దగ్గరికొస్తున్నారు" అన్నాడాయన. విసురు లేదు, వెటకారం లేదు. పది స్పోకులు లెక్కపెట్టి కాగితంలో చుట్టి, చిల్లర చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చే దారిలో నాకు సైకిలెక్కబుద్ధి కాలేదు. ముప్పై నాలుగేళ్లు నన్ను నడిపినవాడి నోటిదగ్గర కూడు నేను లాక్కున్నాను, అదీ సేవ అనుకుంటూ. రాత్రి మాస్టారి అరుగు మీద కూర్చున్నాం. మూసేద్దామా అన్నారాయన. మూసేస్తే బడి వెనక గుట్ట అలాగే ఉంటుంది. ఆ రాత్రి మేం తేల్చుకున్నవే ఇప్పటికీ మా రూల్స్. పంచర్లు వెయ్యం. బ్రేకులు బిగించం. నడుస్తున్న సైకిల్ దేన్నీ ముట్టుకోం, అది మేస్త్రీగారి బేరం. మేం చూసేది మూలపడ్డ సైకిల్ మాత్రమే, అంటే కనీసం నెల నుంచి ఎవరూ తొక్కనిది, ఎలాగూ షాపుకి పోనిది. సైకిల్ వదిలేసి పోకూడదు. మనిషి ఉండి విప్పాలి, మేం పక్కనుంటాం. సామాన్లన్నీ మేస్త్రీగారి షాపులోనే కొనాలి. కొనలేని పిల్లలకి డబ్బాలో పడ్డ చందా నుంచి ఇస్తాం. మర్నాడే షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాశాను: "ఇక్కడ పంచర్లు వెయ్యబడవు." ఊళ్లో నవ్వుకున్నారు. సైకిళ్లు బాగుచేసే చోట పంచర్లు వెయ్యకపోవడమేమిటి అని.

వచ్చే జనం సగానికి సగం తగ్గారు. అది మంచిదే అయింది. మిగిలినవాళ్లు పిల్లలు.

మేస్త్రీగారు మొదటిసారి షెడ్డుకి వచ్చింది మమ్మల్ని మెచ్చుకోవడానికి కాదు. మేం బెండు తీసిన చక్రం ఒకటి ఆయన షాపు ముందు నుంచి వెళ్తుంటే చూశారట, తట్టుకోలేక వచ్చారు. "ఇది చక్రమా, కోడిగుడ్డా?" అన్నారు రాగానే.

చక్రం బెండు తియ్యడం నేర్చుకోవడానికి నాకు ఆషాఢం నుంచి దసరా దాకా పట్టింది. సైకిల్ తిరగేసి, సీటు మీదా హ్యాండిల్ మీదా నిలబెట్టి, ఫోర్కుకి ఆనించి సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పాలి. రిమ్ము ఎక్కడ పక్కకి పొంగిందో అక్కడ సుద్ద గీత పడుతుంది. ఇంతవరకు ఎవరికైనా వస్తుంది. గీత పడ్డ చోట స్పోకు బిగిస్తే లోపలికి పోతుందనుకునేవాణ్ణి. పోదు. "స్పోకు లాగుద్దండీ, నెట్టదు. ముందది బుర్రలో పెట్టుకోండి" అన్నారు మేస్త్రీగారు. రిమ్ము కుడికి పొంగితే, ఆ చోట హబ్బుకి ఎడమ వైపు నుంచి వచ్చే స్పోకుల్ని పావు తిప్పు బిగించాలి, కుడి వైపువి పావు తిప్పు వదలాలి. పావు తిప్పే, అరతిప్పు కూడా కాదు. నేను మొత్తం బిగించుకుంటూ పోయేవాణ్ణి. అందుకే గుండ్రం పోయి గుడ్డు వచ్చేది. వెనక చక్రానికి నలభై స్పోకులు, ముందు దానికి ముప్పై రెండు. బరువంతా వెనకే కాబట్టి. ఒకటి వదులైతే దాని భారం పక్కవాటి మీద పడుతుంది, అవి ఒకదాని వెంట ఒకటి తెగుతాయి. ఆయనకి అప్పటికే కంట్లో శుక్లాలు. సుద్ద గీత సరిగ్గా ఆనేది కాదు. వేలితో ఒక్కో స్పోకునీ మీటి వినేవారు. బిగువుది టింగుమంటుంది, వదులుది డొక్కుగా పలుకుతుంది. నేనూ మీటి చూశాను. నాకన్నీ ఒకేలా వినిపించాయి. మాస్టారి చెవికి తేడా తెలిసింది, అందుకు నాకు కొంచెం ఈర్ష్య కూడా వేసింది.

ఆ తరవాత ఆయన రావడం అలవాటైపోయింది. పొద్దున్న షాపు తీసి, కుర్రాణ్ణి కూర్చోబెట్టి, తొమ్మిదింటికి ఇక్కడికొచ్చి స్టూలు మీద కూర్చుంటారు. తిడతారు. చక్రం కొత్తగా అల్లాల్సి వస్తే మాత్రం మజూరీ తీసుకుంటారు, మేం డబ్బాలోంచి లెక్కపెట్టి ఇస్తాం. ఒకసారి మొహమాటపడి ఎక్కువ ఇవ్వబోతే వెనక్కిచ్చేశారు.

2020లో కరోనా వచ్చి షెడ్డు మూశాం. బస్సులు లేవు కాబట్టి అటకల మీది సైకిళ్లన్నీ కిందికి దిగాయి. మేస్త్రీగారికి ఊపిరాడని పని. ఆ జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది. షాపు బోర్డు మీద సగం చెరిగిన అట్లాస్ బొమ్మ కింద నిలబడి ఆ వార్త నేనే చదివి వినిపించాను. "అయితే మడ్‌గార్డులు ఇప్పుడే నాలుగు జతలు తెప్పించి ఉంచాలి" అన్నారాయన.

ఇక 1986 సంగతి.

ఆ ఏడు ఆగస్టులో గోదారి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగాయి. నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లు. సైకిల్‌ని వరండా స్తంభానికి కట్టేసి, పిల్లల్ని తీసుకుని స్కూలు మేడ మీదకి పోయాం. వరద తీశాక వచ్చి చూస్తే సీటు దాకా ఒండ్రు. బకెట్ నీళ్లు కొట్టి, ఎక్కి, తొక్కుకుంటూ మేస్త్రీగారి షాపుకి వెళ్లాను. ఆయన అప్పుడు కుర్రాడు. నన్ను చూసి నెత్తి కొట్టుకున్నాడు. "తొక్కుకొచ్చారా? భుజానేసుకు రావాలండీ!" హబ్బులో దూరిన ఒండ్రు ఆకురాయి లాంటిది. చక్రం తిరిగిన కొద్దీ లోపల ఇనప బాల్స్ తిరిగే కప్పుల్ని, వాటిని బిగించే కోనుల్ని అరగదీసేస్తుంది. ఆ మూడు కిలోమీటర్లకి నా సైకిల్ రెండు హబ్బులూ మార్చాల్సి వచ్చింది.

2022 జూలైలో మళ్లీ వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక కూడా దాటి, 25 లక్షల క్యూసెక్కుల పైకి పోయింది. లంకలన్నీ మునిగాయి. వరద తీయడం మొదలైన రోజే మేస్త్రీగారు మా ఇంటికొచ్చి, "పిల్లలకి ఫోన్లు చేయించండి. తొక్కొద్దని చెప్పండి. పెడలు కూడా తిప్పొద్దనండి" అన్నారు. మాస్టారు వరసగా ఫోన్లు చేశారు. ట్రాక్టరు తొట్టెల్లో వచ్చాయి సైకిళ్లు. పుస్తకంలో నలభై మూడు రాసుకున్నాం. షెడ్డు ఓనరు ఆదివారమే కాదు, వారమంతా వాడుకోమన్నాడు. ఆయన కాయలు ఎలాగూ ఏట్లో కొట్టుకుపోయాయి.

తొమ్మిది రోజులు చేశాం. ముందు మంచినీళ్లతో కడగడం, ఏదీ తిప్పకుండా. తరవాత చైను తీసి కిరసనాయిల్లో వెయ్యడం. హబ్బులు విప్పి బాల్స్ తీసి లెక్కపెట్టడం. వెనక హబ్బుకి పావు అంగుళం బాల్స్, ఒక్కో వైపు తొమ్మిది. ముందు దానికి చిన్నవి, పదేసి. ఏ సైకిల్ బాల్స్ ఆ సైకిల్‌వే ఉండాలి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో కొబ్బరిచిప్ప. చిప్ప మీద బొగ్గుతో నంబరు. షెడ్డు నేలంతా చిప్పలే. రెండో రోజు మేక ఒకటి లోపలికి దూరి నాలుగు చిప్పలు తన్నేసింది. కలిసిపోయిన బాల్స్ మళ్లీ వాడదామంటే మేస్త్రీగారు ఒప్పుకోలేదు. ఒక కప్పులో పాతవీ కొత్తవీ కలిస్తే బరువంతా పెద్దవాటి మీదే పడి కప్పు గుంటలు పడుతుందట. ఆ నాలుగింటికీ కొత్త సెట్లే వేశాం. కప్పులు పనికొస్తాయో లేదో ఆయన కళ్లతో చూడలేదు, బొటనవేలి గోరు లోపల తిప్పి చెప్పారు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ కప్పు పక్కకి. ఆరు సైకిళ్లు బాగుపడవని తేల్చి, సామాన్లకి విప్పేశాం. వాటిలో ఒకటి నాది.

ఆ తొమ్మిది రోజుల్లో మాకన్నా ఎక్కువ హబ్బులు విప్పింది తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి. లంకలో వాళ్లిల్లు ఇంకా బురదలోనే ఉంది, పునరావాస శిబిరం నుంచి వచ్చేది. నాలుగో రోజు వాళ్లమ్మ వచ్చి, గ్రీజు పట్టిన చేతులు చూసి, "ఆడపిల్ల చేతులేనా ఇవి" అని గోల చేసింది. కొబ్బరిపీచు, సబ్బుపొడి ఇచ్చి తోముకోమన్నాం. పోయింది గానీ గోళ్ల కింద నలుపు పోలేదు. ఆ తల్లే మర్నాడు మధ్యాహ్నం అందరికీ పులిహోర చేసి పంపింది. ఆ పిల్ల ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు షెడ్డు పుస్తకం తీసుకుని నేను రాసిన లెక్కల్లో తప్పులు దిద్దుతుంది. "పోస్టు తాతగారూ, కోను అంత బిగించకండి" అని నాకే చెబుతుంది. చెప్పింది నిజమే అవుతుంది చాలాసార్లు.

టీ తాగి పెయింటరు వచ్చాడు. సంవత్సరం తేలలేదు, పేరు ముందే లేదు. ఉన్నవే రాయమన్నాం. ఆదివారం ఉదయం 7 నుంచి 11. మూలపడ్డ సైకిళ్లు మాత్రమే. మీ సైకిల్ మీరే విప్పాలి. ఇక్కడ పంచర్లు వెయ్యబడవు. దాని కింద, పంచర్లకు మేస్త్రీగారి షాపు అని రాసి, ఎర్రగా పెద్ద బాణం గుర్తు.

అతను అక్షరాలు గుండ్రంగా బాగా రాశాడు. దిగి, కుంచె తుడుచుకుంటూ వెనక్కి నడిచి చూసుకున్నాడు. అందరం చూశాం. శుక్లాల ఆపరేషన్ అయ్యాక మేస్త్రీగారికి ఇప్పుడు కళ్లజోడు ఉంది. దాన్ని పైకి లాగి, బాణం చూసి, బాణం చూపిస్తున్న రేవు వైపు చూసి, అన్నారు:

"ఏవండీ, నా షాపు గోదాట్లో ఉందా?"